నలభై ఒకటో సైగ

గాలి షాపు,
మార్చి 4

ఒరేయ్ బావమరిదీ,

నువ్వెళ్ళి ఇరవై రోజులైంది. చేరానని నాలుగు ముక్కలు రాయడానికి చేతులు రాలేదా? ఫోన్ చేశానంటావు. చేశావు, మీ అక్క మాట్లాడింది. ఇరవై ఏళ్ళు కంప్రెసర్ పక్కన కూర్చున్న చెవులివి. ఫోన్లో నువ్వేం చెప్పినా నాకు సంత గోలలాగే వినిపిస్తుంది. నాతో మాట్లాడాలంటే కాగితం మీదే మాట్లాడు.

షాపు మామూలే. డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళు సిలిండర్లు తెస్తున్నారు, నేను గాలి నింపి పంపిస్తున్నాను. మొన్న ఆదివారం మన నీళ్ళ క్వారీకి వెళ్ళి, సామానంతా దించి, ఒడ్డు మీద కూర్చుని తిరిగొచ్చేశాను. ఒక్కడినే దిగడం చేతకాక కాదు. పదకొండేళ్ళుగా నా ఎడమపక్కన నువ్వున్నావు. ఇప్పుడు నీళ్ళని చూస్తేనే మెడ అటు తిరుగుతోంది.

ఆ లారీ స్టీరింగ్ గోడకి తగిలించావా? నువ్వు ఊరు వదిలే ముందు మనం దిగిన ఆఖరిసారి, క్వారీ అడుగున తుప్పుపట్టిన ఆ లారీలో కూర్చుని, ఇరవై నిమిషాలు బోల్టుతో కుస్తీపట్టి నీకోసం ఊడదీసింది అది. మేకు గట్టిది చూసుకో, బరువుంటుంది.

మీ అక్క బాగుంది. కవర్లు అంటించే పని ఎప్పట్లాగే ఆవిడదే.

ఇట్లు,
మీ బావ

*

మూడో అంతస్తు గది,
మార్చి 19

ప్రియమైన బావకి,

ఆలస్యానికి తిట్టు, పడతాను. ఇక్కడ కళ్ళద్దాల వర్క్‌షాపులో పని ఎక్కువ. పొద్దున్నించీ సాయంత్రం దాకా అద్దాలు అరగదీస్తూనే ఉంటాను. చేతులు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఆ తెల్లటి పొడి పోదు.

ఒక కొత్త సంగతి. డైవింగ్ మాస్కులో పవర్ అద్దాలు పెట్టించుకోవడానికి ఒక లెక్కల టీచరు వచ్చారు. ఆడపిల్లల హైస్కూల్లో చెప్తారట. నేనూ డైవింగ్ చేస్తానంటే, ఆదివారం రేవు దగ్గరికి రమ్మన్నారు. వాళ్ళు ఆరుగురు. టీచరే పెద్ద దిక్కు.

బావా, వాళ్ళ పద్ధతి చూస్తే నువ్వు నవ్వుతావు, నేనూ నవ్వాను. ఆరుగురి సామానూ ఒకేలా ఉంటుంది. కత్తి ఒకేచోట, టార్చి ఎడమచేతిలో, గొట్టాలు ఒకే పొడవు. నోట్లో ఉన్న మౌత్‌పీస్‌కి రెండు మీటర్ల గొట్టం. ఎవరికైనా గాలి అయిపోతే, టీచరు నేర్పినట్టు నోట్లో ఉన్నదే తీసి ఇచ్చేస్తారు. స్పేరుది మెడలో రబ్బరు తాడుకి గడ్డం కిందే వేలాడుతుంటుంది, దాన్ని తాము పెట్టుకుంటారు. అవతలివాడు ఎవరైనా సరే, వెతుక్కునే పని లేదు. దిగే ముందు తలనించి కాలిదాకా ఒక్కో వస్తువు తాకి పైకి చెప్పాలి. ఒక్కటి మరిచిపోయినా టీచరు మళ్ళీ మొదటినించీ చెప్పిస్తారు.

మొదటి రోజు ఐదు మీటర్ల లోతులో, చేతులు ఆడించకుండా ఉన్నచోటే ఉండమన్నారు. పదకొండేళ్ళు డైవింగ్ చేసినవాణ్ణి, గాలిపటంలా ఊగిపోయాను. టీచరు ఏమీ అనలేదు. గంటసేపు నా ఎదురుగా కదలకుండా ఉండి చూపించారు.

ఇంకో నియమం. బొటనవేలు పైకెత్తితే డైవ్ ఆపేయాలి, అందరూ పైకి వచ్చేయాలి. ఎవరైనా ఎత్తొచ్చు, ఎప్పుడైనా ఎత్తొచ్చు. ఎందుకని ఒక్కరు కూడా అడగకూడదు, పైకి వచ్చాక కూడా. ఇది టీచరు రెండుసార్లు చెప్పారు.

స్టీరింగ్ జాగ్రత్తగానే ఉంది.

ఉంటాను బావా.

*

గాలి షాపు,
మార్చి 27

ఒరేయ్,

నీ ఉత్తరంలో లెక్కల టీచరు ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిలు పెట్టి లెక్కేశాను. ఆరుసార్లు. నేను ఎన్నిసార్లు వచ్చానో అదీ లెక్కేశాను. మూడు. మొదట్లో 'ప్రియమైన బావకి', చివర్లో 'ఉంటాను బావా', మధ్యలో నేను నవ్వుతానని ఒకటి. నేను నవ్వలేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. నీకు ఊపిరి పీల్చడం నేర్పింది ఎవరు? మాస్కులోకి నీళ్ళొస్తే తల అడ్డంగా ఆడించి, అక్కణ్ణించి పారిపోబోతే, పిక్క పట్టుకుని ఆపింది ఎవరు? ఇప్పుడు ఆవిడెవరో గంటసేపు కదలకుండా నిలబడిందని నువ్వు పొంగిపోతున్నావు. మా కంప్రెసర్ ఇరవై ఏళ్ళుగా కదలకుండానే ఉంది, దానికీ ఒక దండం పెట్టు.

ఆరుగురి సామానూ ఒకేలా ఉంటే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? నన్ను చూడు. స్పేర్ మౌత్‌పీస్ ఎడమ చంక కింద, సైకిల్ ట్యూబు లూపులో. నువ్వు ఎడమపక్కనుంటావు కాబట్టి అక్కడ. ఆ లూపు నువ్వే కట్టావు, గుర్తుందా? టార్చికి పాత ఫ్రిజ్ డోరు రబ్బరు. ఎంత మట్టి నీళ్ళల్లోనైనా వీడే నా బావ అని గుర్తుపట్టేవాడివి. మనకి నలభై సైగలున్నాయి. నుదుటి మీద రెండుసార్లు తడితే 'ఆ చేప మొహం చూడు, అచ్చం మా మేనత్త' అని నీకు తప్ప ఇంకెవడికి తెలుసు?

ఎవరైనా ఎవరి పక్కనైనా సరిపోతారంటే, ఇక ఎవరూ ఎవరికీ ఏమీ కారనే కదా అర్థం. నాకలాంటి పద్ధతి అక్కర్లేదు.

స్టీరింగ్ గోడకి తగిలించావా లేదా అని అడిగాను. జాగ్రత్తగా ఉందన్నావు. అడిగిందొకటి, చెప్పిందొకటి.

మీ బావ

*

మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 10

బావకి,

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు, అందుకే వాదించను. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వు. అందరి సామానూ ఒకేలా ఉంటే మనుషులు ఒకేలా అయిపోరు. మాలో ఒక బస్సు కండక్టరున్నాడు, నీళ్ళల్లో కూడా అందర్నీ వెనక్కి జరగమంటాడు. సామాను గురించి ఆలోచించే పని తప్పితే, పక్కనున్న మనిషిని చూడ్డానికి తీరిక దొరుకుతుంది. అంతే.

నువ్వొకసారి ఇక్కడికి రా. నాలుగైదు రోజులు ఉండేలా రా. నీ కోసం నీ కాలి సైజు ఫిన్స్ కూడా వెతికి పెట్టాను. టీచరుతో చెప్పాను కూడా, మా బావ నాకన్నా బాగా చేస్తాడని.

నీ బావమరిది

*

గాలి షాపు,
మే 2

మహారాజశ్రీ బావమరిది గారికి,

తమరి ఆహ్వానం అందింది. ఈ వయసులో ఐదు మీటర్ల లోతున చేతులు కట్టుకుని నిలబడి మార్కులు వేయించుకునే ఓపిక నాకు లేదని మనవి. ఏరు దాటి తెప్ప తగలేసే వాళ్ళని విన్నాను. తగలేసి, బూడిద చూడ్డానికి తెప్పనే రమ్మని పిలిచేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

తమరు బెంగపడనక్కర్లేదు. నాకూ ఒక తోడు దొరికాడు. మా వీధి చివర పళ్ళ డాక్టరు. చేపల ఫొటోలు తీస్తాడు, చాలా మంచివాడు, చెప్పింది వింటాడు. మూడు ఆదివారాలుగా ఇద్దరం క్వారీలో దిగుతున్నాం. మొన్న లారీ కూడా చూపించాను. స్టీరింగ్ ఏదని అడిగాడు. మా బావమరిదికి బహుమతి ఇచ్చానన్నాను. అదృష్టవంతుడన్నాడు. నేను కాదనలేదు.

నుదుటి మీద రెండుసార్లు తట్టే సైగ అతనికి కూడా నేర్పాను. మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. ఎవరైనా ఎవరి పక్కనైనా సరిపోతారు కదా.

ఇట్లు,
తమరి పాత సామాను

*

మూడో అంతస్తు గది,
మే 9

బావకి,

మేనత్త సైగ నేర్పావా? సరే. నీ ఇష్టం.

పళ్ళ డాక్టరు ఎన్నేళ్ళుగా డైవింగ్ చేస్తున్నాడు? ఎంత గాలి మిగలగానే పైకి రావాలో ముందే అనుకుని దిగుతున్నారా? ఫొటోలు తీసేవాళ్ళు గాలి గేజీ చూసుకోరు, నాకు తెలుసు. అతను నీకు ఏ పక్కనుంటాడు? నీ స్పేర్ మౌత్‌పీస్ ఎక్కడుందో చెప్పావా? చేత్తో తాకించి చూపించావా?

ఈర్ష్యతో అడుగుతున్నాననుకుంటావు. అదీ ఉంది, లేదనను. ఫొటోలో కూడా నాకతన్ని చూడాలని లేదు. అయినా పైన అడిగినవాటికి జవాబు రాయి.

*

గాలి షాపు,
మే 30

ఒరేయ్,

అన్నీ బాగానే ఉన్నాయి. జలుబు చేసి వారం రోజులు షాపు తీయలేదు, అందుకే ఆలస్యం. డాక్టరు కొన్నాళ్ళు నీళ్ళల్లోకి దిగొద్దన్నాడు. ఎలాగూ ఎండలు కదా, విశ్రాంతి తీసుకుంటున్నాను. నీ లెక్కల టీచరు కులాసానా? పరీక్షలయ్యాయా ఆవిడకి, నీకు?

మీ బావ

తమ్ముడూ, కవరు అంటించేది నేనే కాబట్టి ఈ నాలుగు ముక్కలూ కింద రాస్తున్నాను. ఆయన రాసింది జలుబు కాదు. పద్దెనిమిదో తారీకున పళ్ళ డాక్టరుకి నీళ్ళ అడుగున గాలి అయిపోయిందట. అతను మీ బావకి కుడిపక్కనున్నాడు. స్పేరుది ఎక్కడుందో తెలియక ఛాతీ అంతా తడిమి, దొరక్క, మీ బావ నోట్లోది లాగేసుకున్నాడు. ఆ కంగారులో ఈయనకీ ఎడమ చంక కింద చెయ్యి అందలేదు. మధ్యలో ఆగి ఆగి రావాలట, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎక్కడా ఆగకుండా పైకి వచ్చేశారు. మీ బావ ముక్కులోంచి, చెవిలోంచి రక్తం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పళ్ళ డాక్టరుగారు బాగానే ఉన్నాడు, రోజూ వచ్చి గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడుతున్నాడు. ఈయన అతన్ని ఒక్క మాట అనలేదు. పడుకుని గోడవైపు తిరిగి, 'వాడైతే ఎడమపక్కనుండేవాడు' అని ఒకటే గొణుగుడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. ఒట్టు నోటిది, ఇది చేత్తో రాసింది. - అక్క

*

మూడో అంతస్తు గది,
జూన్ 5

బావా,

అక్క రాసింది చదివాను. ఆవిణ్ణి ఏమీ అనకు.

నీ మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది. ఆ లూపు కట్టింది నేను. నీ ప్రాణాన్ని నాకు ఒక్కడికే తెలిసిన చోట కట్టిపెట్టి, ఊరు వదిలి వచ్చేశాను. ఇన్నేళ్ళూ దాన్ని చూసి ఇద్దరం గర్వపడ్డాం.

చెవి మానిందని డాక్టరు చెప్పాక రా. రానని రాస్తే నేనే వచ్చి తీసుకెళ్తాను. ఈసారి వేళాకోళాలు పనిచేయవు.

*

గాలి షాపు,
సెప్టెంబర్ 12

ఒరేయ్ బావమరిదీ,

చెవి మానాక నువ్వు రమ్మంటే వచ్చినవాణ్ణి, నీకు చెప్పకుండా పొద్దున బస్సెక్కేశాను. తప్పే. నువ్వు వర్క్‌షాపు నించి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉండి ఉంటుంది. కారణం మొహం మీద చెప్పలేక కాగితం మీద చెప్తున్నాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. నీ దగ్గరున్న మొదటి నాలుగు రోజులూ నువ్వు పనికెళ్ళాక ఈతకొలనులో మీ టీచరు నాకు నేర్పిన తీరుకి వంక పెట్టడానికి చాలా వెతికాను. దొరకలేదు. నోట్లోది తీసి ఇవ్వడం, గడ్డం కిందది పెట్టుకోవడం, నూటపదిసార్లు చేయించింది. నూటపదకొండోసారి నా చెయ్యి నన్ను అడక్కుండానే వెళ్ళింది. ఆ రోజు క్వారీలో ఈ పని వచ్చుంటే పళ్ళ డాక్టరు ఇంకా మా గుమ్మంలో తల దించుకుని నిలబడేవాడు కాదు. ఇన్నేళ్ళూ నాకు తెలిసిందే డైవింగ్ అనుకున్నాను.

ఇక ఐదో రోజు. ముగ్గురం రేవు రాళ్ళ వెంట దిగాం. ముందు ఆవిడ, పక్కన నువ్వు, ఒక బార వెనక నేను. సామాను సరిగ్గా ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి, గాలి సగానికి పైన ఉంది. పన్నెండు మీటర్ల దగ్గర ఆవిడ టార్చి వెలుగు రాయి మీద గుండ్రంగా తిప్పింది, బాగున్నారా అని. నువ్వు తల తిప్పకుండానే నీ వెలుగు దాని పక్కన గుండ్రంగా తిప్పావు. ఆవిడ కుడికి జరిగితే నువ్వూ అంతే జరిగావు. అప్పుడు చూశాను, నువ్వు ఆవిడ ఎడమపక్కన ఉన్నావు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం రాదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, మాస్కు నిండా నీళ్ళున్నా ఆ మంట ఆరేది కాదు. నా టార్చి మీ రెండు వెలుగుల మీద వేసి అడ్డంగా ఊపాను. ఇద్దరూ తిరిగారు. బొటనవేలు ఎత్తాను.

అంతే. ఇద్దరూ వెంటనే బొటనవేళ్ళెత్తారు. ఆగాల్సిన చోట ఆగి, పైకి వచ్చేశాం. ఆవిడ తడి జుట్టు పిండుకుంటూ ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. రేపు గాలి తిరుగుతుందేమో అంది. నువ్వు నా సిలిండరు మోసుకొచ్చావు. ఎందుకు ఆపావని ఆవిడ అడుగుతుందని చూశాను. నువ్వైనా అడుగుతావని చూశాను. మెట్లెక్కేటప్పుడు చూశాను, అన్నం తినేటప్పుడు చూశాను. చెవి నొప్పని అబద్ధం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను, ఎవరూ అడిగితేనా.

అడిగుంటే దెబ్బలాడేవాణ్ణి. అడక్కపోయేసరికి ఆ కారణం నాతోనే బస్సెక్కింది, కిటికీ పక్క సీటు కూడా అదే తీసుకుంది. అందుకే రాస్తున్నాను. చెవి నొప్పి లేదు, ఏ నొప్పీ లేదు. మీ ఇద్దర్నీ చూసి ఓర్చుకోలేక ఆపాను. యాభై రెండేళ్ళ వాడు చేసే పని కాదు. ఆవిడకి కూడా చెప్పు, నాకు మొహం చెల్లదు.

మీ బావ

*

మూడో అంతస్తు గది,
సెప్టెంబర్ 20

బావా,

టీచరుకి చెప్పలేదు, చెప్పను. నియమం ఆవిడకి కూడా వర్తిస్తుంది. నువ్వు చెప్పావు కాబట్టి, నేనూ ఏడు నెలలుగా దాస్తున్నది చెప్పాలి.

స్టీరింగ్ గోడకి తగిలించలేదు. కాగితంలో చుట్టి మంచం కిందికి తోశాను. నువ్వొచ్చిన ఐదు రోజులూ దాని పైనే పడుకున్నావు. గోడలు మెత్తనని నీతో అబద్ధం చెప్పాను.

నువ్వు లారీలో ఆ బోల్టుతో కుస్తీపట్టిన రోజు, పదో నిమిషానికే నా గేజీ ముల్లు ఎర్రగీతకి వచ్చింది. పదిహేనో నిమిషానికి దాటింది. నువ్వు బోల్టుతో మాట్లాడుతున్నావు, బుడగలు కనిపిస్తున్నాయి. అంత సంతోషంగా నిన్ను నేనెప్పుడూ చూడలేదు, అదంతా నాకోసమే. నీ ఎడమపక్కనే ఉన్నాను. చంక కింద లూపు చేతికి అందేంత దూరంలో ఉంది. అది తీసినా నువ్వు ఆపాల్సి వచ్చేదని తీయలేదు. పైకి వస్తుంటే, ఇంకా రెండు మీటర్లుందనగా పీలిస్తే ఏమీ రాలేదు. ఊపిరి బిగబట్టకుండా చిన్నగా వదులుతూ, నీళ్ళపైకి నవ్వుతూ వచ్చాను. నువ్వు స్టీరింగ్ నా మెడలో వేశావు.

మనకి నలభై సైగలున్నాయని రాశావు. మేనత్త మొహానికి ఒకటుంది. ఆకలికి ఒకటుంది. నీ ఫిన్ ఊడింది చూసుకో అనడానికి రెండున్నాయి. 'చాలు బావా, ఇక వెళ్దాం' అనడానికి పదకొండేళ్ళలో ఒక్కటి కూడా మనం పెట్టుకోలేదు. నువ్వు వద్దనలేదు. నేను అడగలేదు. నువ్వు మొహం చిన్నబుచ్చుకుంటావేమోనని గాలి లేకపోయినా నీ పక్కనే ఈదాను.

టీచరు మొదటి రోజు బొటనవేలి నియమం రెండుసార్లు చెప్పారని రాశాను కదా. నేనే మళ్ళీ చెప్పమన్నాను. అందుకే చేరాను బావా. ఆవిడ నీకన్నా గొప్పని కాదు. నీ ముందు ఆ వేలెత్తడం నేర్చుకుందామని. వాళ్ళతో దిగినప్పుడు తొమ్మిదిసార్లు ఎత్తాను. అందులో ఐదుసార్లు ఏ కారణమూ లేదు, అలవాటు కోసం ఎత్తాను. ఒక్కరూ అడగలేదు. ఆ ఐదో రోజు నీతో దిగేటప్పుడు, ఇవాళ ఎలాగైనా బావకి చూపిస్తాననుకున్నాను. పన్నెండు మీటర్ల దాకా నా చెయ్యి లేవలేదు. వెనక్కి తిరిగేసరికి నీ బొటనవేలు.

నువ్వు మమ్మల్ని చూసి కుళ్ళుకున్నావు. నేను నీ వేలు చూసి కుళ్ళుకున్నాను. పదకొండేళ్ళుగా నాకు చేతకానిది, నువ్వు ఐదో రోజే అంత సులువుగా చేసేశావు. టీ తాగుతూ నేను మాట్లాడకపోవడం నియమం కోసమొక్కటే కాదు.

ఇది రాసేముందు స్టీరింగ్ బయటికి తీశాను. కింది అంతస్తాయన దగ్గర సుత్తి తెచ్చి, తలుపు ఎదుటి గోడకి తగిలించాను. గోడ గట్టిదే.

నీ బావమరిది

*

గాలి షాపు,
సెప్టెంబర్ 28

ఒరేయ్,

నీ ఉత్తరం మీ అక్కే చదివి వినిపించింది. నా కళ్ళద్దాలు సరిగ్గా లేవు. నువ్వు అరగదీసినవే, నీ తప్పే. రెండు మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడా చదవలేకపోయింది. మిగతాది నేనే కూడబలుక్కున్నాను.

రెండు రోజులు షాపులో ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాను. మూడో రోజు ఆ సైకిల్ ట్యూబు లూపు కోసి పారేశాను. గొట్టం మార్చాను, గడ్డం కింద స్పేరు కట్టాను. పళ్ళ డాక్టర్ని పిలిచి నూటపదిసార్లు చేయించాను. అతనికి విసుగు రాలేదు. మంచివాడే, ఏం చేస్తాం.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. టీచర్ని కూడా రమ్మను, కాకపోతే ఆవిడ నీకు కుడిపక్కన ఉండాలి. ఎడమపక్క నేనుంటాను. ఇదొక్కటే నా షరతు, దీనికి కారణం ఆవిడ కూడా అడగకూడదు.

దిగాక ఎక్కడో ఒకచోట నువ్వు బొటనవేలెత్తు. గాలి నిండుగా ఉన్నా సరే, నేను మంచి రాయొకటి చూసి సంబరపడుతున్నా సరే, అప్పుడే ఎత్తు. నా మొహం చూడకు, చిన్నబుచ్చుకునే ఉంటుంది. పైకి వచ్చేద్దాం.

ఎందుకని అడగాలని నాకు నోరు దురద పెడుతుంది. అడగను.

మీ బావ